కీమో వార్డులో మందు ఎక్కడ బయటికొస్తోంది: ప్రాజెక్టు డైరీ

కీమో డే కేర్ వార్డులో నర్సుల ఒంటికి మందు తగలకుండా చూడటానికి మేం చేసిన పని ఇది. నేను ఆ వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్‌ని. ఇంకో వార్డులో ఎవరైనా మొదలుపెడితే మాకు పట్టినంత సమయం పట్టకూడదు. అందుకే కుదరనివాటికే ఎక్కువ చోటిచ్చి రాస్తున్నాను. రోగికి మందు ఎక్కించే పద్ధతిలో ఏది మార్చాలన్నా మీ డాక్టర్, ఫార్మసిస్టు ఒప్పుకున్నాకే మార్చండి. మేమూ అలాగే చేశాం.

ఎందుకీ పని అనేది క్లుప్తంగా చెప్తాను. సైక్లోఫాస్ఫమైడ్, మెల్ఫలాన్, బుసల్ఫాన్, క్లోరాంబ్యూసిల్ మనుషుల్లో క్యాన్సర్ తెప్పించే పదార్థాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్రూపు 1లో పెట్టింది. ఈ రకం మందులు పట్టుకునే నర్సుల మూత్రంలో జన్యువుల్ని మార్చే గుణం కనబడిందని ఫిన్లండ్ పరిశోధకులు 1979లోనే రాశారు. ఆ దేశపు నర్సుల్లోనే, గర్భం మొదటి నెలల్లో ఈ మందులతో పనిచేయడానికీ గర్భం పోవడానికీ సంబంధం ఉందని 1985లో మరో అధ్యయనం వచ్చింది. పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ 2004లో హెచ్చరిక జారీ చేసి, ప్రమాదకరమైన మందుల జాబితా కూడా ఇచ్చింది. రోగి ఈ రిస్కు తీసుకుంటున్నాడంటే బతుకు మీద ఆశతో. నర్సుకు మాత్రం దక్కేది రిస్కు ఒక్కటే. అదీ ఏళ్ల తరబడి, కొంచెం కొంచెంగా.

దశ 1: చోట్ల జాబితా

ముందు సామాన్లు కొనలేదు. మందు పెట్టె వార్డులో దిగిన దగ్గర్నుంచి చెత్త డబ్బా బయటికి పోయేదాకా ఎక్కడెక్కడ మందు బయటపడొచ్చో రాసుకున్నాం.

1. పెట్టె విప్పి వయల్స్ (చిన్న మందు సీసాలు) సర్దడం
2. క్యాబినెట్‌లో (మందు గాల్లోకి రాకుండా ఆపే, ఫార్మసీలోని మూసిన గూడు) మందు కలపడం
3. కలిపిన బ్యాగ్‌ని వార్డుకు తేవడం
4. బ్యాగ్‌కు స్పైక్ (లైన్ ట్యూబు పై చివరి మొన) గుచ్చడం
5. లైన్ ప్రైమ్ చేయడం (గాలి పోయేలా ట్యూబుని ద్రవంతో నింపడం)
6. రోగి కాన్యులాకో (నరంలో పెట్టిన చిన్న గొట్టం) పోర్టుకో (చర్మం కింద అమర్చినది) కలపడం
7. సిరంజితో పుష్ ఇవ్వడం (మందుని నేరుగా నెట్టడం)
8. మందు అయ్యాక బ్యాగ్ మార్చడం
9. లైన్ విప్పడం
10. చెత్త పారేయడం
11. మాత్రలు లెక్కపెట్టడం, విరవడం, పొడి చేయడం
12. రోగి మూత్రం, వాంతి, పక్క బట్టలు

మొదటి అంకె తేలిగ్గా తీసుకోకండి. మూత తీయని కొత్త వయల్ బయటి గాజు మీద కూడా మందు జాడలు ఉంటాయని చాలా దేశాల్లో జరిగిన పరీక్షల్లో తేలింది. పెట్టె విప్పేటప్పుడే గ్లౌజులు కావాలి. స్టోర్‌లో పనిచేసే వాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

జాబితా రాసేటప్పుడు బయటపడిన ఇంకో విషయం: సిస్టర్లందరూ భయపడేది డాక్సోరుబిసిన్‌కే. అది ఎర్రగా ఉంటుంది, చుక్క పడితే కనబడుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ నీళ్లలా ఉంటుంది. పడినా తెలియదు, ఆరినా తెలియదు. మేం ఎక్కువ వాడేది దాన్నే.

లెక్క: బయటపడే చోట్లు 12. తీసేసినవి 0.

దశ 2: రంగు పరీక్ష

కనబడని మందుని కనబడేలా చేయాలి. అసలు మందు బదులు సెలైన్ బ్యాగ్‌లో ఫ్లోరెసిన్ రంగు కలిపి, రోగి స్థానంలో ప్రాక్టీసు చేసే రబ్బరు చేయి పెట్టి, రోజూ చేసే పనంతా వరుసగా చేయించాం. తర్వాత గది చీకటి చేసి 365 నానోమీటర్ల యూవీ టార్చితో వెతికాం. రంగు పడిన చోట పచ్చ కలిసిన పసుపు వెలుగు రావాలి.

మొదట్లో దీంతో ఏమీ తేలలేదు. కారణాలు మూడు.

ఒకటి, తెల్ల దుప్పట్లు, టిష్యూ కాగితం, సిస్టర్ల యూనిఫాం అన్నీ నీలంగా మెరిశాయి. బట్టల సబ్బులో, కాగితంలో తెలుపు పెంచే పదార్థాలుంటాయి. యూవీ కింద అవీ వెలుగుతాయి. పరీక్షకు ముందే ఖాళీ గదిని యూవీ కింద ఫొటోలు తీసిపెట్టుకుని, పచ్చ పసుపు మెరుపు మాత్రమే లెక్కపెట్టడంతో ఈ తలనొప్పి తీరింది.

రెండు, రంగు ఎక్కువ వేశాం. ఎక్కువ వేస్తే బాగా కనబడుతుందని ఎవరైనా అనుకుంటారు. ఫ్లోరెసిన్‌కి అది వర్తించదు. మరీ చిక్కగా ఉంటే తన వెలుగుని తనే మింగేస్తుంది, నారింజ రంగు మరకలా కనబడి ఊరుకుంటుంది. బ్యాగ్‌లో నీళ్లు పలుచని నిమ్మపండు రంగులో ఉండేంత వేస్తే చాలు.

మూడు, ఆరిపోయిన చుక్కలు దొరకలేదు. ఈ రంగు తడిగా ఉంటేనే బాగా వెలుగుతుంది, అదీ కొంచెం క్షార గుణం ఉన్న నీళ్లలో. స్ప్రే సీసాలో నీళ్లు పోసి చిటికెడు సోడియం బైకార్బొనేట్ కలిపి పైపైన జల్లాం. అప్పటిదాకా శుభ్రంగా ఉన్న స్టాండు పట్టీ మీద చిన్న చిన్న పచ్చ చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. ఆ స్టాండుని అప్పుడే ఇద్దరు సిస్టర్లు ఉత్త చేతులతో జరిపారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పద్ధతి కుదిరాక వచ్చిన అంకెలివి. ఒకే సిస్టర్, ఒకే కుర్చీ, ఒకే వరుస.

స్పైక్, ప్రైమింగ్ దగ్గర: 17 చుక్కలు
లైన్ విప్పేటప్పుడు: 6
గ్లౌజులు తీసేటప్పుడు, తీశాక ముట్టుకున్నవాటి మీద: 5
చెత్త డబ్బా మూత, అంచు: 3
మొత్తం: 31

చుక్కల సంఖ్య మందు పరిమాణం చెప్పదు. ఒక పెద్ద చుక్క పది చిన్న చుక్కల కంటే ఎక్కువే కావచ్చు. ఎక్కడ వెతకాలో చెప్తుంది, అంతవరకే. గాల్లో కలిసే తుంపర్లని కూడా ఇది పట్టుకోలేదు.

సగానికి పైగా చుక్కలు ఒక్క చోటే పుట్టాయి. అప్పటిదాకా చర్చంతా ఏ గ్లౌజు కొనాలి, ఏ గౌను కొనాలి అనే. ఈ అంకెలు చూశాక అది పక్కన పెట్టి స్పైక్ దగ్గర మొదలుపెట్టాం.

దశ 3: స్పైక్, ప్రైమింగ్ వార్డులోంచి తీసేయడం

మామూలుగా కీమో బ్యాగ్ ఫార్మసీ నుంచి వస్తుంది. సిస్టర్ దాన్ని స్టాండుకి తగిలించి, స్పైక్ గుచ్చి, గాలి పోయేదాకా మందునే లైన్‌లోకి వదులుతుంది. చివర్న ఒకటి రెండు చుక్కలు ట్రేలోనో, దూది మీదో పడతాయి. బ్యాగ్ తలకంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి స్పైక్ జారితే కారేది నేరుగా ముఖం మీదికి.

కొత్త వరుస ఇది. అంతా ఫార్మసీ క్యాబినెట్ లోపలే.

1. మందు ఇంకా కలపని ఉత్త సెలైన్ బ్యాగ్‌కి ఐవీ సెట్ గుచ్చాలి.
2. ఉత్త సెలైన్‌తోనే లైన్ నింపి, గాలి తీసి, క్లాంపు (ట్యూబుని నొక్కి మూసేది) వేయాలి.
3. లైన్ చివర మూసి ఉండే క్యాప్ పెట్టాలి.
4. అప్పుడు బ్యాగ్ పోర్టులోంచి మందు కలపాలి.
5. బ్యాగ్ పైభాగం తుడిచి, జిప్ కవర్లో పెట్టి, సైటోటాక్సిక్ (కణాల్ని చంపే మందు) లేబుల్ వేసి పంపాలి.

వార్డులో సిస్టర్ చేసేది కవర్ తీసి తగిలించి కలపడమే.

ఇది మొదటిసారే సాఫీగా సాగలేదు. వచ్చిన చిక్కులు, చేసిన మార్పులు:

దారిలో రోలర్ క్లాంపు జారింది. బ్యాగ్ మెత్తటి సంచిలో వస్తుంటే చక్రం దేనికో రాసుకుని కొంచెం తెరుచుకునేది. మందు లైన్‌లోకి దిగేది, చుక్కలు పడే చాంబర్ నిండిపోయేది. ఇప్పుడు రోలర్‌తో పాటు నొక్కుడు క్లాంపు కూడా వేస్తున్నారు, గట్టి ట్రేలో పడుకోబెట్టి తెస్తున్నారు.

లైన్ రకం తప్పు వచ్చింది. పాక్లిటాక్సెల్‌కి డీఈహెచ్‌పీ (ప్లాస్టిక్‌ని మెత్తబరిచే పదార్థం) లేని సెట్, 0.22 మైక్రాన్ల ఫిల్టర్ కావాలి. ఇదివరకు ఆ ఎంపిక వార్డులో సిస్టర్ చేసేది, ఇప్పుడు ఫార్మసీ చేయాలి. ఏ మందుకు ఏ సెట్ అనే పట్టిక క్యాబినెట్ పక్క గోడకి అంటించాం. పంపుకి సరిపడే సెట్ ఏదో కూడా అందులోనే ఉంది.

మూడోది అందరికంటే ముందు డాక్టర్‌కి తట్టింది, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. లైన్‌లో మొదట ఉండేది ఉత్త సెలైన్. మా సెట్‌లో సుమారు 20 మిల్లీలీటర్లు పడుతుంది. గంటకు 250 మిల్లీలీటర్ల వేగంతో మొదలుపెడితే మందు రోగిని చేరేసరికి దాదాపు 5 నిమిషాలు. తక్కువ వేగంతో మొదలుపెడితే ఇంకా ఆలస్యం. పాక్లిటాక్సెల్ లాంటి మందుకి రియాక్షన్ వస్తే తొలి నిమిషాల్లోనే వస్తుందని సిస్టర్ పక్కనే నిలబడుతుంది. పాత అలవాటు ప్రకారం గడియారం చూసుకుని పక్కకు వెళ్తే, రోగికి అప్పుడప్పుడే మందు తగులుతూ ఉంటుంది. కాబట్టి నిలబడే సమయాన్ని మందు రోగిని చేరిన క్షణం నుంచి లెక్కపెట్టాలి. చార్టులో దానికి వేరే గడి పెట్టాం. చివర్లో కూడా అంతే: లైన్‌లో మిగిలిన మందుని సెలైన్‌తో పూర్తిగా లోపలికి పంపకపోతే రోగికి డోసు తగ్గుతుంది.

ఫార్మసీలో ప్రతి బ్యాగ్‌కి పని పెరిగింది. ఫార్మసిస్టు మొదట ఒప్పుకోలేదు, ఆయన బాధలో న్యాయం ఉంది. చీకటి గదికి పిలిచి టార్చి చేతికిచ్చాం. స్పైక్ చుట్టూ ఉన్న చుక్కలు ఆయనే లెక్కపెట్టుకున్నారు. ఆ తర్వాత మనిషిని పెంచమని మాతో కలిసి ఆయనే రాశారు.

చుక్కలు: 31 నుంచి 13. విప్పేటప్పుడు 6, గ్లౌజుల దగ్గర 4, చెత్త దగ్గర 3.
లెక్క: వార్డులోంచి తీసేసినవి 2 (4, 5 అంకెలు). మిగిలినవి 10.

దశ 4: బ్యాగ్ మార్చడం, లైన్ విప్పడం

పాత పద్ధతిలో ఒక మందు అయిపోగానే బ్యాగ్‌లోంచి స్పైక్ లాగి కొత్త బ్యాగ్‌కి గుచ్చేవాళ్లం. లాగిన స్పైక్ చివర తడి ఉంటుంది, ఖాళీ బ్యాగ్ మూతి తెరుచుకుని ఉంటుంది. సెట్ ఆదా అవుతుందని వచ్చిన అలవాటది.

ఇప్పుడు రోగికి ఒక మెయిన్ సెలైన్ లైన్ ఉంటుంది. దానికి సూది అక్కర్లేని మూసి ఉండే పోర్టులున్నాయి. ప్రతి కీమో బ్యాగ్ తన సొంత లైన్‌తో వచ్చి అక్కడ చేరుతుంది.

1. మందు అయ్యాక సెలైన్‌తో లైన్ కడగాలి.
2. బ్యాగ్, లైన్ రెండూ కలిపి ఒకే ముక్కగా తీయాలి. స్పైక్ లాగొద్దు.
3. విప్పే జాయింటు కింద ప్లాస్టిక్ అడుగున్న పీల్చే ప్యాడ్ పెట్టాలి. చుట్టూ గాజ్ (పలుచని నూలు) గుడ్డ పట్టుకోవాలి.
4. కుర్చీ పక్కనే ఉన్న సైటోటాక్సిక్ డబ్బాలో వేయాలి. చేత్తో పట్టుకుని వార్డంతా నడవొద్దు.

మూసి ఉండే బదిలీ పరికరాలు (మందుని బయటికి రానీయకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి పంపేవి) కూడా తెప్పించి చూశాం. సిరంజి పుష్ దగ్గర నిజంగా ఉపయోగపడ్డాయి. ఇబ్బందల్లా జత కుదరడంలో. ఒక కంపెనీ కనెక్టరు ఇంకో కంపెనీ సెట్‌కి సరిగ్గా పట్టలేదు, మధ్యలో అడాప్టర్ పెట్టాల్సొచ్చింది. అడాప్టర్ అంటే ఇంకో జాయింటు. రంగు పరీక్షలో ఆ జాయింటు చుట్టే పచ్చగా మెరిసింది. పరికరం, సెట్ ఒకే కుటుంబానివి తీసుకున్నాకే చుక్కలు తగ్గాయి. ఇంకో జాగ్రత్త: కొన్ని మందుల్లో ఉండే ద్రావకం కొన్ని ప్లాస్టిక్‌లని కరిగిస్తుంది. బెండాముస్టిన్ ద్రావణం పాలీకార్బొనేట్, ఏబీఎస్ ప్లాస్టిక్ భాగాలున్న పరికరాలతో వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరించింది. ఏ పరికరం కొన్నా ఏ మందులకు పనికొస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఈ పరికరం ఉంది కదా అని మందు క్యాబినెట్ బయట కలపకూడదు కూడా.

చుక్కలు: 13 నుంచి 7. విప్పేటప్పుడు 2, గ్లౌజుల దగ్గర 4, చెత్త దగ్గర 1.
లెక్క: తీసేసినవి 3 (4, 5, 8). తగ్గినవి 3 (7, 9, 10). మొత్తం మిగిలినవి 9.

దశ 5: గ్లౌజులు, గౌను

అందరూ మొదటి దశగా పెట్టుకునేది ఇదే. ఇక్కడ ఐదోది కావడానికి కారణం కింద లెక్కలో ఉంది.

గ్లౌజు పెట్టె మీద రాతలు చదవండి. కీమో మందులకు పరీక్షించిన గ్లౌజుకి ఏఎస్‌టీఎం డీ6978 అనే ప్రమాణం ఉంది. నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 0.01 మైక్రోగ్రాము మందు దాటితే గ్లౌజులోంచి మందు ఊరడం మొదలైనట్టే లెక్క. కార్ముస్టిన్, థయోటెపా చాలా గ్లౌజుల్లోంచి మిగతా మందుల కంటే త్వరగా దాటతాయి, పెట్టె మీదే నిమిషాలు వేసి ఉంటాయి. పౌడర్ లేనివే తీసుకోవాలి. వినైల్ గ్లౌజులు ఈ పనికి వద్దు. గ్లౌజు మీద శానిటైజర్ రుద్దే అలవాటు కూడా మాన్పించాం.

రెండు జతలు. లోపలిది గౌను చేతి అంచు కింద, బయటిది అంచు మీద.

30 నిమిషాలకోసారి మార్చాలన్నది నియమం. గడియారం పెట్టి చూశాం, నిలవలేదు. వార్డు నిండా రోగులున్నప్పుడు అలారం మోగితే సిస్టర్ చేతిలో ఏదో ఒక లైన్ ఉంటుంది. అలారాన్ని ఆపేయడం అలవాటైపోయింది. దాంతో నియమాన్ని సమయం నుంచి పనికి మార్చాం: ఒక కుర్చీ దగ్గర ఒక పని, ఒక జత. పని అవగానే అక్కడే తీసేయాలి. ఒకే పని 30 నిమిషాలు దాటడం అరుదు, దాటితే మార్చాలి. చిరిగినా, మందు పడినా వెంటనే.

గౌను కథ వేరు. పాలీథీన్ పూత ఉన్న గౌను, వెనక ముడి, పొడుగు చేతులు. లోపల ఉక్కపోత. అందుకని సిస్టర్లు వెనక ముడి వేసుకోకుండా తిరిగేవాళ్లు, మధ్యలో విప్పి కొక్కేనికి తగిలించి మళ్లీ వేసుకునేవాళ్లు. కొక్కేనికి వేలాడిన గౌన్లని టార్చి కింద తిరగేస్తే లోపలి వైపు కూడా పచ్చ మరకలున్నాయి. తగిలించొద్దని బోర్డు పెడితే ఫలితం లేదు. కొక్కేలు పీకించేశాం. తగిలించే చోటే లేకపోయేసరికి ఆ అలవాటు దానంతటదే పోయింది. ఉక్కపోతకి పరిష్కారం దశ 3, 4 నుంచే వచ్చింది: మందు ముట్టుకునే పనులు తగ్గాయి కాబట్టి గౌనులో గడిపే సమయమూ తగ్గింది.

మామూలు సర్జికల్ మాస్కు ఈ మందుల తుంపర్లని ఆపదు. ముఖం మీదికి చిమ్మే అవకాశమున్న పనికి ఫేస్ షీల్డు కావాలి.

చుక్కలు: 7 నుంచి 4. విప్పేటప్పుడు 2, గ్లౌజుల దగ్గర 1, చెత్త దగ్గర 1.
లెక్క: తీసేసినవి 3. మిగిలినవి 9. ఈ దశలో మారలేదు.

చివరి లైను చూడండి. గ్లౌజులు, గౌను బయటపడ్డ మందుని ఒంటికి అంటకుండా ఆపుతాయి, మందు బయటపడటాన్ని ఆపవు. యాజమాన్యం ముందు బడ్జెట్ పెట్టేటప్పుడు ఈ ఒక్క లైనే మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

దశ 6: తుడవడం

స్పిరిట్ దూదితో తుడిస్తే శుభ్రమైపోయిందని మా అందరి నమ్మకం. ట్రే మీద ఒక్క రంగు చుక్క వేసి, స్పిరిట్ దూదితో తుడిచి టార్చి వేశాం. చుక్క పోయి అరచేయంత పచ్చటి చార వచ్చింది. స్పిరిట్ క్రిముల్ని చంపుతుంది, ఈ మందుల్ని విరగ్గొట్టదు, పరుస్తుంది.

సోడియం హైపోక్లోరైట్ చాలా మందుల్ని విరగ్గొడుతుంది, అన్నిటినీ కాదు. దాన్ని రోజుకి నాలుగైదుసార్లు వాడి చూస్తే స్టీలు ట్రేలు తుప్పు మచ్చలు పట్టాయి, వాసనకి అసలే వికారంగా ఉన్న రోగులు ఇంకా ఇబ్బందిపడ్డారు. ఇప్పుడు వరుస ఇలా ఉంది:

1. ప్రతి రోగి తర్వాత డిటర్జెంట్ నీళ్లతో తడిపిన వైప్, ఒక దిక్కుగా మాత్రమే. ఒక వైప్ ఒక చోటుకే.
2. తర్వాత ఉత్త నీళ్ల వైప్.
3. రోగులందరూ వెళ్లాక హైపోక్లోరైట్, ఆ వెంటనే సోడియం థయోసల్ఫేట్, చివర నీళ్లు.
4. క్రిముల కోసం స్పిరిట్ అన్నిటికంటే ఆఖర్న.

ఈ దశలోనే ఆయమ్మ ఒక మాటంది. "సిస్టర్, మీకేమో రెండు జతలు, నాకు ఒకటి. కిందపడింది తుడిచేది నేనే కదా." అప్పటిదాకా మా శిక్షణ జాబితాలో నర్సులు, ఫార్మసీ మాత్రమే ఉన్నారు. ఆ రోజు నుంచి వార్డు తుడిచేవాళ్లు, బట్టలు మోసేవాళ్లు, చెత్త తీసుకెళ్లేవాళ్లు అందరూ చేరారు. అవే గ్లౌజులు, అదే గౌను, అదే చీకటి గది పాఠం.

లెక్క: తీసేసినవి 3. మిగిలినవి 9.

దశ 7: ల్యాబ్‌కి పంపిన నమూనాలు

రంగు పరీక్ష నాటకం లాంటిది, అసలు మందు ఎంతుందో చెప్పాలంటే ల్యాబ్ కావాలి. 10 సెంటీమీటర్లు పొడవు, 10 వెడల్పు చట్రం పెట్టి, ఆ 100 చదరపు సెంటీమీటర్లని తడి వైప్‌తో ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా తుడిచి పంపాలి. ఏమీ తుడవని ఒక ఖాళీ వైప్‌ని కూడా పంపాలి, దారిలో కల్తీ అయిందేమో తెలుస్తుంది. మేం సైక్లోఫాస్ఫమైడ్‌ని గుర్తు మందుగా పెట్టుకున్నాం.

మొదటి ఫలితాలు అన్నీ శుభ్రం. సంతోషించాల్సింది పోయి అనుమానం వచ్చింది. ఆరా తీస్తే నమూనాలు తీసే తేదీ ముందే అందరికీ తెలుసు, ఆ ఉదయం వార్డంతా రెండుసార్లు కడిగారు. రెండోసారి చెప్పకుండా, సాయంత్రం తుడవడానికి ముందు తీశాం.

ఈ మందులకు ఇంతవరకైతే పర్లేదు అని చెప్పే చట్టబద్ధమైన ఉపరితల పరిమితి లేదు. సైక్లోఫాస్ఫమైడ్ చదరపు సెంటీమీటరుకు 1 నానోగ్రాము దాటిన చోట్ల పనిచేసేవాళ్ల ఒంట్లోకి మందు చేరినట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడిందని అమెరికా ఔషధ ప్రమాణాల పుస్తకం 800వ అధ్యాయం చెప్తుంది. ఆ గీతనే పట్టుకున్నాం, కానీ గీత కింద ఉంటే భద్రం అని ఎక్కడా రాసుకోలేదు.

గీత దాటిన చోట్లు రెండే. ఒకటి, కుర్చీ చేతి పట్టీ. రెండోది, గీతకి చాలా పైన, రోగుల టాయిలెట్‌లో కమోడ్ ముందు నేల. స్పైక్ పని జరిగిన చోటు ఈపాటికి గీత కిందికి వచ్చేసింది.

దశ 8: టాయిలెట్

మూత్రంలో, వాంతిలో, చెమటలో మందు వస్తుంది. సాధారణంగా 48 గంటల పాటు జాగ్రత్త పాటించాలంటారు, కొన్ని మందులకు ఇంకా ఎక్కువ. టాయిలెట్ నేల మీద మందు ఉందంటే అది ఆయమ్మ చెప్పుల కిందికి, అక్కణ్నుంచి వార్డంతటికీ వస్తుంది.

1. మగవాళ్లు కూడా కూర్చునే పోయాలి. నిలబడితే చిమ్ముతుంది.
2. మూత వేసి ఫ్లష్ కొట్టాలి, రెండుసార్లు. మూత లేని కమోడ్ మీద ప్లాస్టిక్ అడుగున్న ప్యాడ్ కప్పాలి.
3. కీమో రోగులకు ఒక టాయిలెట్ విడిగా.

అసలు చిమ్మేది ఇంకో చోట అని తర్వాత గమనించాం. సిస్‌ప్లాటిన్ రోగులకు మూత్రం ఎంత వస్తోందో కొలవాలి. సిస్టర్ పాట్‌లోంచి కొలత జగ్గులోకి పోసి, చూసి, కమోడ్‌లో పారబోసి, జగ్గు కడుగుతుంది. ప్రతి ఒక్కటీ చిమ్మే పనే. పోయడం ఆపి తూకం మొదలుపెట్టాం. ఖాళీ పాట్ మూతతో సహా ఎంతో ముందే దాని మీద రాసి ఉంటుంది. నిండాక మూతతోనే తూచి, తేడా గ్రాముల్ని మిల్లీలీటర్లుగా రాసుకుంటాం. వార్డు పనికి ఈ లెక్క చాలు. డాక్టర్లు ఒప్పుకున్నారు. జగ్గులు వార్డులోంచి తీసేశాం.

ఒక చిక్కు మిగిలింది: ఇంటికి వెళ్లిన రోగి మొదటి రెండు రోజులు ఇదే జాగ్రత్త తీసుకోవాలి. బట్టలు విడిగా ఉతకాలి, ఎత్తేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. ఈ మాట రోగికి చెప్పేటప్పుడు గొంతు చాలా ముఖ్యం. తానేదో అంటురోగం మోస్తున్నానని ఆ మనిషి అనుకోకూడదు. పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు అని ముందు చెప్పి, ఆ తర్వాతే టాయిలెట్ సంగతి చెప్తున్నాం.

లెక్క: తీసేసినవి 3. తగ్గినవి 4 (7, 9, 10, 12). మొత్తం మిగిలినవి 9.

దశ 9: మాత్రలు, స్పిల్ కిట్

మింగలేని రోగికి మాత్ర పొడి చేసి ఇవ్వడం వార్డులో ఆపేశాం. ద్రవ రూపం కావాలంటే ఫార్మసీ క్యాబినెట్‌లోనే తయారుచేసి పంపుతుంది. లెక్కపెట్టే ట్రే కూడా అక్కడే, వేరేది. వార్డుకి వచ్చేది ఒక్క డోసు, మూసిన కవర్లో.

స్పిల్ కిట్ (మందు ఒలికితే ఎత్తడానికి వాడే సామాన్ల సంచి) ఉంది, కానీ స్టోర్ బీరువాలో తాళం కింద. డ్రిల్ పెట్టినప్పుడు తాళం చెవి ఉన్న సిస్టర్ భోజనానికి వెళ్లింది. ఇప్పుడు గోడకి, తాళం లేకుండా, సీలు కాగితంతో. పనిలో గుర్తుండాల్సినవి:

1. ముందు మనుషుల్ని దూరం పంపాలి. బోర్డు పెట్టాలి.
2. రెండు జతల గ్లౌజులు, గౌను, కళ్లజోడు, సరైన రెస్పిరేటర్.
3. పీల్చే ప్యాడ్ మెల్లగా కప్పాలి. అంచు నుంచి మధ్యకి తుడవాలి.
4. గాజు ముక్కలు పారతో ఎత్తాలి, చేత్తో కాదు.
5. డిటర్జెంట్, నీళ్లు, మళ్లీ ఇంకోసారి. 5 మిల్లీలీటర్లు దాటితే పెద్ద స్పిల్, శిక్షణ ఉన్నవాళ్లే ముట్టుకోవాలి.
6. ఒంటి మీద పడితే బట్ట విప్పి సబ్బు నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లు. రిజిస్టర్‌లో రాయాలి.

లెక్క: తీసేసినవి 4 (4, 5, 8, 11). తగ్గినవి 4. మిగిలినవి 8.

దశ 10: మనుషుల రిజిస్టర్

ఎవరు ఏ మందు ఎంతకాలం పట్టుకున్నారో ఇదివరకు ఎక్కడా రాసి లేదు. రేపు ఎవరికైనా ఆరోగ్య సమస్య వస్తే చూపించడానికి కాగితమే ఉండదు. ఇప్పుడు ప్రతి సిస్టర్‌కీ, ఆయమ్మకీ ఒక పేజీ ఉంది: మందులు, తేదీలు, స్పిల్స్, చేరినప్పటి రక్త పరీక్ష.

గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చేవాళ్లు అడిగితే మందు తగలని డ్యూటీ ఇవ్వాలని రాతలో పెట్టాం. మొదట గర్భం ఖాయమయ్యాకే అని రాశారు. అది మార్పించాను. బిడ్డ అవయవాలు ఏర్పడే తొలి వారాలు చాలామందికి విషయం తెలిసేలోపే సగం గడిచిపోతాయి. అందుకని 'అనుకున్నప్పటి నుంచే' అని మార్చాం, కారణం చెప్పనక్కర్లేదు, జీతం తగ్గదు అనే రెండు మాటలు చేర్చాం. ఈ రెండూ లేనంతకాలం ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు ఎక్కడున్నాం

12 చోట్లలో 4 పోయాయి, 4 తగ్గాయి, 4 అలాగే ఉన్నాయి: వయల్స్ సర్దడం, క్యాబినెట్, బ్యాగ్ మోసుకురావడం, రోగికి కలపడం.

వయల్స్ వచ్చే పెట్టెల్ని స్టోర్‌లో కాకుండా ఫార్మసీలో క్యాబినెట్ గదిలోనే విప్పేలా ఫార్మసిస్టు చోటు ఖాళీ చేస్తున్నారు. కుర్చీల బట్ట తొడుగులు తీసి తుడవడానికి వీలయ్యే రెక్సిన్ వేయించమని రాశాం, ఇంకా రాలేదు. అప్పటిదాకా చేతి పట్టీల మీద ప్లాస్టిక్ అడుగున్న ప్యాడ్ పరిచి రోగి రోగికీ మారుస్తున్నాం. తర్వాతి నమూనాల్లో టాయిలెట్ నేల, చేతి పట్టీ, ఫ్రిజ్ పిడి, సిస్టర్ల టేబుల్ మీది ఫోను తప్పకుండా ఉంటాయి. తేదీ నాకూ ల్యాబ్‌కీ తప్ప ఎవరికీ తెలియదు.